మగ్గం గుంతలో నీళ్లు

తొంభైల్లో గోదావరి మీద చిన్న పడవలోనే మా కాపురం. రేపు ఎక్కడికని అడిగితే మా ఆయన ఆకాశం వైపు చూసేవాడు. మబ్బు కనిపిస్తే ప్రయాణం లేదు. చెల్లెలి పెళ్లి దగ్గరపడింది. ఆయన చూపుకి విసిగిపోయి, చెప్పి నేయిస్తున్న చీర కోసం నేనొక్కదాన్నే ధర్మవరం రైలెక్కాను.

చీర నేసే నాగమ్మక్క గుమ్మంలోనే చెప్పేసింది.

“చీర యాడయిందమ్మా? వానకు మగ్గం గుంతలో నీళ్లూరినాయి. కాళ్లు పెట్టేది ఆడనే కదా. ఆరితేనే నేసేది.”

“కరువు సీమంటారు, నేనొచ్చేసరికే వానా?”

“నీళ్ల మింద బతికేదానివి, వట్టి చేతులతో వస్తావా?”

నవ్వొచ్చింది. కుచ్చెళ్లు ఎగదోపి గుంతలోకి దిగి, చెంబుతో నీళ్లు తోడడం మొదలుపెట్టాను. పడవలో రోజూ చేసే పనే.

“బాగా తోడుతాండావే! మీ పడవకు చిల్లి ఉండాదేమి?” అంది నాగమ్మక్క.

“మరి సాయంత్రం నా రైలో?”

“పోనీలేమ్మా. చీర అయ్యేదాకా ఈడనే ఉండు” అంటూ రాగిసంగటి పెట్టింది.

చీరతో తిరిగొచ్చి పడవెక్కగానే, ఇన్ని రోజులెందుకయ్యాయని మా ఆయన అడిగాడు.

నేను ఆకాశం వైపు చూశాను.