మూటతో లోపలికి నడిచిన కౌన్సిలరమ్మ

కార్తీకం నడుమ ఒక పొద్దున పక్కింటి అన్న మా గేటు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. గేటు చువ్వలు పట్టుకుని, "చెల్లె, మీ వదినె లేస్తలేదు," అన్నాడు. పిలిచి చూశావా అని అడగబోయి ఆగాను. చాలాసేపటి నుంచి పిలుస్తూనే ఉన్నాడని ఆయన ముఖం చూస్తే తెలిసిపోయింది. తర్వాత డాక్టరు వచ్చి, నిద్రలోనే గుండె ఆగిందని చెప్పాడు.

ఊరికి ఆమె మా వార్డు పాత కౌన్సిలరమ్మ. నాకు గోడవతల వదినె. మాకు చుట్టరికమేమీ లేదు. వాళ్లు ఆదివారం చర్చికి పోయేవాళ్లు, మేము శనివారం బీచుపల్లి గుడికి పోయేవాళ్లం. అయినా ఆమె నన్ను వదినె అనేది, నేనూ ఆమెను వదినె అనేదాన్ని. వదినెలం కాబట్టి ఎంత మాటైనా అనుకునే హక్కు ఉండేది. నేను ఇంటి లెక్కలు ఏ రోజువి ఆ రోజు రాసుకుంటాను, ఏ డబ్బా ఎక్కడుండాలో అక్కడే ఉంచుతాను. మా ఇంటికి ఎవరొచ్చినా ఆమె గోడ మీద నుంచి, "జర పైలంగ కూసోండ్రి. మా వదినె మిమ్ముల గూడ డబ్బల వోసి మూత వెడ్తది," అనేది.

ఈ నాలుగు మాటలూ వరుసగా రాద్దామనే కూర్చున్నాను. ఆమె మాత్రం నా వరుసకు ఎప్పుడూ లొంగలేదు.

ఆమె పుట్టిల్లు తెలకపల్లి. అమ్మానాన్నలు కూలీలు. వానలు లేని ఏడు బొంబాయి దిక్కు కట్టడం పనులకు పోయేవాళ్లు, చిన్నపిల్లగా ఈమెనూ వెంట తీసుకుపోయేవాళ్లు. తలుపులు, కిటికీలు ఇంకా పెట్టని గదుల్లో, సిమెంటు వాసన మధ్య నిద్రపోయిన చిన్నతనం ఆమెది. అందుకేనేమో, మనమంతా పొద్దున కనబడగానే చాయ్ తాగినవా అని అడిగితే, ఆమె "రాత్రి నిద్ర వట్టిందా?" అని అడిగేది. పాలు పోసే ఆయన్నీ, చెత్తబండి ఆయన్నీ, మా ఆయన్నీ అదే అడిగేది. మా ఆయన మొదట్లో సిగ్గుపడేవాడు.

"గదేం అడుగుడు వదినె?" అని నేనొకసారి అన్నాను.

"ఒక పూట తిండి లేకున్నా మనిషి నడుస్తడు. నిద్ర లేకుంటే పొద్దున్నే ఎవల మీద కోపమొస్తదో వానికే తెల్వదు," అంది.

గద్వాలకూ వనపర్తికీ నడుమనున్న చిన్న మున్సిపాలిటీ మాది. మా వార్డు ఆడవాళ్లకు రిజర్వ్ అయినప్పుడు పార్టీవాళ్లు అన్న కోసం వచ్చి వదినెను నిలబెట్టారు. ఆమె గెలిచింది. దండలు ఆమె మెడలో పడ్డాయి, పెత్తనం ఆయన చేతికి వచ్చింది. మోరీలు, లైట్లు, నల్లాలు అన్నీ ఆయనే చూసేవాడు. ఊరంతా ఆయన్నే కౌన్సిలర్ సాబు అనేది. కాగితం మీద ఎక్కడ వేలు పెట్టి చూపితే అక్కడ వదినె సంతకం చేసేది. కౌన్సిలరమ్మ ఏం చేస్తోందని నేను గోడ మీద నుంచి అడిగితే, "కౌన్సిలర్ సాబు మోరీల సంగతి మాట్లాడనీకి పోయిండు. కౌన్సిలరమ్మ చింతపండుల గింజలు తీస్తున్నది," అనేది. అందులో బాధ ఉన్నట్టు నాకు ఎప్పుడూ వినబడలేదు. అలాగని, లేదనీ అనలేను.

ఒక చలికాలం బస్టాండు షెడ్డులో ఒక ముసలాయన తెల్లారేసరికి చలికి చనిపోయి ఉన్నాడు. ఆ రోజు అన్న పెళ్లికని నాగర్‌కర్నూల్ పోయాడు. మున్సిపాలిటీ జవాను పంచనామా కాగితం పట్టుకుని వార్డు తరఫున సాక్షి సంతకం కోసం ఇంటికే వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

"ఈయన పేరేంది?" అని అడిగింది వదినె.

"తెల్వదమ్మా."

"యాడోడు?"

"అదీ తెల్వదు. మీరు గీడ సంతకం పెడితే చాలు."

"చూడని మనిషికి సాక్షి సంతకం ఎట్ల పెట్టాలె?" అని ఆమె చెప్పులు వేసుకుంది. నేనూ వెంట నడిచాను. ఆయన కాళ్లు కడుపులోకి ముడుచుకుని ఉన్నాడు. తల కింద ఒక మూట ఉంది. వదినె వంగి ఆయన ముఖం చూసి, కాగితమంతా చదివి సంతకం చేసింది. ఆమె మొత్తం చదివి పెట్టిన మొదటి సంతకం అదే.

తిరిగి వస్తూ ఆమె జవానును అడిగింది: "మార్కెట్ యార్డు పక్కన మనకు షెల్టరు ఉన్నది గద? గీయన గాడికెందుకు పోలే?"

"ఉన్నదమ్మా. బల్బులున్నయి, నీళ్లున్నయి, కొత్త దిండ్లు గూడ ఉన్నయి. వీళ్లు రారు. వచ్చే మీటింగుల దాన్ని సామాన్ల గోదాముకు ఇస్తరంట."

ఎందుకు రారో ఎవరూ అడగలేదు. వదినె ఆ సాయంత్రమే అడిగింది. బస్టాండులో ఒక అవ్వ ఉండేది. రాయచూరు దిక్కు మనిషి, మాటల్లో కన్నడం కలిసేది. ఎండాకాలమంతా బీచుపల్లి గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్ముకుని, చలికాలం ఏటిగాలికి తట్టుకోలేక మా ఊరికి వచ్చేది. షెల్టరు మాట ఎత్తగానే వద్దని చెయ్యి ఊపింది.

"బేడమ్మా, బేడ. మూట బయట వెట్టి రమ్మంటరు. పోయినేడు వెట్టి లోపల పండుకున్న. పొద్దున లేచి చూస్తే మూట లేదు."

"ఏముండె అవ్వా దాంట్ల?"

"ఏముంటది? ఒక చీర, గిన్నె, మా ముసలాయన కండువ." అవ్వ మళ్లీ అంది: "దిండు ఇచ్చిన్రు తల్లీ, మెత్తగుండె. దిండుకు చేతులున్నయా, నా మూట పట్టుకోనీకి?"

వదినె నవ్వింది. ఇంటికి వచ్చేటప్పుడు మా గేటు దగ్గర ఆగి, "బొంబాయిల మా అమ్మ నన్ను మూట మీద పండవెట్టి, తాను మూట ముడి పట్టుకొని పండుకునేది వదినె. పొద్దున లేస్తే మేం యాడున్నమో నాకు తెల్వకపోయేది గానీ, మూట ఉన్నదంటే మేం మేమే అని తెలిసేది," అంది.

మీటింగుకు తానే పోతానంది. నన్ను తోడు రమ్మంది. "నాకు భయమైతే నీ దిక్కు జూస్త," అంది.

"నా దిక్కు చూస్తే భయం పోతదా?"

"పోదు. నువ్వు నాకంటె ఎక్కువ భయపడుతుంటవు గద, జర నవ్వొస్తది."

నేను తలుపు దగ్గర బెంచీ మీద కూర్చున్నాను. గోదాము విషయం వచ్చేసరికి వదినె లేచి నిలబడింది. చైర్మన్ ఆమె వెనక్కి చూసి, "సారు రాలేదామ్మా?" అన్నాడు.

"సారు ఇంట్ల పప్పు జూస్తుండు. పప్పు మాడితే ఆయన్ని అడగండ్రి. షెల్టరు సంగతి నన్ను అడగండ్రి," అంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. నాకు మాత్రం చెమటలు పట్టాయి.

కమిషనరు చెడ్డవాడేమీ కాదు. ఓపికగానే చెప్పాడు. మూటలు లోపలికొస్తే వాటితో నల్లులు వస్తాయి, అంతకుముందు ఏడు పరుపులన్నీ తీసి పారేయాల్సి వచ్చింది, అందుకే మూటలు బయట పెట్టమన్నాం అన్నాడు. ఇల్లు నడిపే మనిషిని కాబట్టి, అది సరైన మాటేనని నాకూ అనిపించింది.

"నిజమే సార్," అంది వదినె. "రాత్రి పండుకునేటప్పుడు మీ ఫోను యాడ వెడ్తరు?"

"పక్కనే పెట్టుకుంటాను."

"దాన్ని బజారు అరుగు మీద వెట్టి, తలుపేసుకొని పండుకొమ్మంటే నిద్ర వడ్తదా సార్?"

ఆయన బల్ల మీదున్న ఫోను వైపు చూశాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. చివరికి, శివరాత్రి దాకా చూద్దామన్నారు. మూటలు లోపలికి రావచ్చు, నీళ్ల ట్యాంకరునూ కాపలా మనిషినీ మున్సిపాలిటీ ఇస్తుంది, నల్లుల బాధ్యత మా వీధి ఆడవాళ్ల సంఘానిది. శివరాత్రికి కూడా షెల్టరు ఖాళీగానే ఉంటే మాత్రం గోదాముకు ఇచ్చేస్తారు. ఇల్లు లేనివాళ్లకు మా ఊరు ఇచ్చిన పైకప్పు అదొక్కటే.

ఇక్కడి నుంచి నా పని మొదలైంది. దుప్పట్లు ఉడకబెట్టి ఉతికాం. మంచాలకూ గోడ సందులకూ మందు కొట్టించాం. పొద్దున మూటలు విప్పి ఎండకు పరచడానికి మిద్దె మీద తాళ్లు కట్టించాం. ఉతికిన దుప్పటి ఏదో, ఉతకనిది ఏదో కలిసిపోకుండా ఉతికినవాటి అంచుకు నేను ఎర్రదారం కుట్టాను. వదినె చూసి, "ఇగ నల్లులు గూడ నీ ఎర్రదారం చూసి వరుసల నిలబడ్తయి," అంది.

అంతా తయారైంది గానీ ఒక్కరూ రాలేదు. మూటలు లోపలికి తెచ్చుకోవచ్చని జవాను మైకులో చెప్పాడు. బస్టాండులో వాళ్లు విని అటు తిరిగి పడుకున్నారు. ఒకసారి మూట పోగొట్టుకున్నవాళ్లకు మైకు మాట సరిపోతుందా?

ఒక సాయంత్రం దీపాలు పెట్టే వేళకు బజారులో గోల వినబడితే బయటికి వచ్చాను. వదినె తన చీరలూ దుప్పటీ మూట కట్టి నెత్తిన పెట్టుకుని నడిబజారులో నడిచిపోతోంది. వెనక అన్న, ఒక కాలికే చెప్పుతో, పరుగులాంటి నడకతో వస్తున్నాడు.

"ఏందే గిది! నేనేమన్ననే నిన్ను?"

"ఏమనలే. అన్నం వండి పెట్టిన, తిను. పొద్దున్నే వస్త."

"ఊరంత జూస్తున్నదే!"

"జూడనీ. అందుకే గద బజార్లకెళ్లి పోతున్న."

కిరాణా కొట్టు ఆయన తక్కెడ వదిలేసి, "సాబూ, ఆడమనిషి గంత దూరం వచ్చిందంటే తప్పు నీదే ఉంటది. జర బతిమాలుకో," అన్నాడు. కౌన్సిలరమ్మ మొగుణ్ణి విడిచిపోతోందన్న మాట ఆమె బస్టాండు చేరేలోపే బస్టాండు చేరింది. వెనక చిన్న జాతరంత జనం పోగయ్యారు. వదినె తిన్నగా అవ్వ ముందుకు పోయి నిలబడింది.

"నేను షెల్టరుకు పోతున్న అవ్వా. నా మూట నాతోటే లోపలికొస్తది. వస్తదో రాదో జూస్తవా?"

అవ్వ ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. మూటను మరీ ఎక్కువసేపు చూసింది. ఆ తర్వాత తన మూట ఎత్తుకుని, "నడువు," అంది. ఆమె వెనక ఇంకొందరు లేచారు. షెల్టరు గుమ్మం దాటుతుంటే కాపలా మనిషి ఎవరినీ ఆపలేదు. జనంలో ఉన్న అన్న అప్పుడు సంగతి అర్థమై, ఎవరూ అడగకుండానే అందరికీ, "నేనే పొమ్మన్న," అని చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మాట మీద వదినె ఆయన్ని ఏళ్లతరబడి ఆటపట్టించింది.

శివరాత్రి వచ్చి పోయింది. గోదాము మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కొత్త దిండ్లు వీపు ఆనించుకుని కూర్చోవడానికి పనికొచ్చాయి.

పదవీకాలం అయిపోయాక పోయినేడు చలికి షెల్టరు తలుపు తెరవలేదు. వదినె ఆఫీసుకు పోయింది. కొత్తగా వచ్చిన అధికారికి ఆమె ఎవరో తెలియదు. "ఇప్పుడు మీరు ఏ హోదాలో అడుగుతున్నారమ్మా?" అన్నాడు.

"హోదా పోయింది సార్. చలి పోలే," అంది ఆమె.

పలుమార్లు తిరిగాక తెరిచారు గానీ, అప్పటికి చలికాలం సగం గడిచింది. ఆ తిరగడాల్లో ఆమెకు ఆయాసం వచ్చేది. దవాఖానకు పోదామంటే, "చలి తగ్గినంక పోదాం," అనేది. చలి తగ్గింది, ఎండలూ పోయాయి. మేము పోలేదు.

సమాధుల తోటలో పాస్టరు ప్రార్థన చేశాక మట్టి వేయడానికి అందరినీ పిలిచారు. అవ్వ కూడా వచ్చింది. పిడికెడు మట్టి వేసి, "మలగు తాయీ," అంది. పడుకో తల్లీ అని. తర్వాత నా వైపు తిరిగి, "ఈ ఏడు తెరుస్తరా?" అని అడిగింది. నేను ఎప్పుడూ బెంచీ మీద కూర్చున్నదాన్నే. నిలబడి అడిగింది వదినె.

కొన్నాళ్లకు, ఏం అడగాలో ఇంట్లో మళ్లీ మళ్లీ అనుకుని, సాయంత్రం పూట ఆఫీసుకు బయలుదేరాను. దారి షెల్టరు ముందు నుంచే. లోపల బల్బు వెలుగుతోంది. మున్సిపాలిటీ మనిషి నిచ్చెన ఎక్కి ఇంకొకటి బిగిస్తున్నాడు.

"ఎవరు తెరవమన్నరు తమ్మీ?" అని అడిగాను.

"ఎవరు అనుడేందమ్మా? చలికాలమొచ్చింది గద. రాగానే తెరవాలని పోయినేడే ఫైలుల రాసిన్రు," అని మళ్లీ పనిలో పడ్డాడు.

నేను ఆఫీసుకు పోలేదు. చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టాను. గుమ్మం పక్కన చాప మీద నాకు తెలియని ముసలామె ఒకామె కూర్చుని ఉంది. నేను అటూ ఇటూ చూస్తుంటే, చోటు కోసం వెతుకుతున్నాననుకుంది.

"కొత్తగొచ్చినవా బిడ్డా?"

తల ఊపాను. "దీన్ని ఎవరు తెరిపిచ్చిన్రో ఎరుకనా అవ్వా?" అని అడిగాను.

"ఎవలో ఏందో నాకేం తెలుసు? సర్కారుది. చలి రాంగనె తెరుస్తరు. పరేషాన్ గాకు, చోటున్నది," అంది. గోడవైపు జరిగింది. తను కూర్చున్న చోట చాప ముడతలను అరచేత్తో సాపు చేసి, నేను కూర్చునేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంచింది.