పరిచిన చీర మడిచే వేళ

ఇరవై రెండేళ్ళు నేను కూర్చుని తిన్నాను. ఈ మాట ఇక్కడితో ఆపితే చదివేవాళ్ళు నన్ను ఆస్తిపరుడనుకునే ప్రమాదం ఉంది కాబట్టి పూర్తిగా చెబుతాను: ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడిలో, పట్టుచీరల విభాగంలో, తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద కాళ్ళు మడిచి కూర్చుని, చీరలు పరిచి చూపించి, ఆ జీతంతో తిన్నాను. ఆ మడిచిన కాళ్ళే చివరికి మొరాయించాయి.

ఎముకల డాక్టరు నా మోకాళ్ళ ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి, నేను చీర జరీని చూసినట్టే కాసేపు చూశాడు.

"ఇంక కింద కూర్చోవద్దప్పా. నిలబడు, నడువు, కుర్చీలో కూర్చో. నేల మీద మాత్రం వద్దు."

మా అంగడిలో ఉన్నదే నేల. పెండ్లి చీరలకు వచ్చే ఆడవాళ్ళు పదిమంది చుట్టూ పరుపు మీద కూర్చుంటే, అమ్మేవాడు వాళ్ళకంటే ఎత్తున కుర్చీ వేసుకోవడం మా దగ్గర మర్యాద కాదు. అయినా కుర్చీ కోసం మా అంగడి షావుకారును అడిగి చూశాను. ఆయన మంచివాడు. కాదనలేదు, ఇంకో దారి చూపించాడు.

"వాకిలి కాడ నిలబడప్పా. వచ్చేవాళ్ళకు దండం పెట్టి లోపలికి పంపు. నీకు మర్యాద తెలుసు. పెండ్లిండ్ల సీజన్ మొదలయ్యేలోగా చెప్పు, సరేనా?"

వాకిలి దగ్గర అప్పటికే ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకామె పట్టుచీరలో, ఇంకొకామె లెహంగాలో. ఇద్దరూ బొమ్మలే. మూడో బొమ్మగా నన్ను ఊహించుకున్నాను. ఆ పని తప్పని కాదు. కానీ ఇరవై రెండేళ్ళు లోపల ఉన్నవాడికి, ఇతరులను లోపలికి పంపే పని ఇవ్వడమంటే మెల్లగా బయటికి పంపడమే.

ఇంట్లో మా ఆవిడ చీరలకు ఫాల్స్ కుడుతుంది. ఒక చేతిలో సూది, ఇంకో చేతిలో ఫోను. ఆ ఫోనులోనే ఆమెకు ఆ ప్రకటన కనిపించింది. ఊరూరా అంగళ్ళలో పనిచేసేవాళ్ళకు సెమినార్లు పెట్టే ఒక సంస్థకు శిక్షకులు కావాలట. పులివెందులలో ఆడిషన్.

"ఏమప్పా, నిలబడి మాట్లాడేవాళ్ళు కావాలంట," అంది. "నిలబడమని డాక్టరు చెప్పినాడు. మాట్లాడేది నీకు పుట్టుకతోనే ఉండాది. పో."

శిక్షకుడు అనే మాటలో శిక్ష ముందే వస్తుందని నేను జోకు వేశాను. ఆమె సూదిలో దారం ఎక్కించుకుంటూ, నవ్వే పని తర్వాతకు పెట్టుకుంది.

ఆడిషన్ అంటే సినిమావాళ్ళకే ఉంటుందని అంతవరకు నా నమ్మకం. నియమాలు చూస్తే సులభంగానే ఉన్నాయి. అంగళ్ళలో నిజంగా పనిచేసే పదిమందిని ఎదురుగా కూర్చోబెడతారు. వాళ్ళకు పన్నెండు నిమిషాల్లో ఏదో ఒకటి నేర్పాలి. వెనక వరుసలో కూర్చున్న ముగ్గురు మార్కులు వేస్తారు. అంతే.

మూడు వారాలు సాధన చేశాను. ఫోనులో వీడియోలు చూసి మూడు విషయాలు గ్రహించాను: కోటు వేసుకోవాలి, అటూఇటూ నడవాలి, "మిత్రులారా" అనాలి. కోటు లేదు కాబట్టి తక్కిన రెండింటి మీద దృష్టి పెట్టాను. 'విజయానికి ఏడు మెట్లు' అని ఒక ఉపన్యాసం రాసుకుని కంఠస్థం పట్టాను. మోకాళ్ళు పోయినవాడు మెట్ల గురించి రాయడంలో ఉన్న తమాషా అప్పుడు నాకు తట్టలేదు.

బీరువా అద్దం ముందు మొదటిసారి పూర్తిగా చెప్పి వెనక్కు తిరిగితే మా ఆవిడ కుట్టడం ఆపి చూస్తోంది.

"ఎవరప్పా ఆయన?"

"ఎవరు?"

"ఇప్పుడు మాట్లాడినాయన. మా ఇంటికి ఎప్పుడూ వచ్చినట్టు లేదే."

తర్వాత నా నోటుపుస్తకం అందుకుని తిప్పి చూసింది. ప్రతి కాగితం నిలువుగా రెండు మడతలు, అడ్డంగా రెండు మడతలు. "దీన్ని గూడ మడిచి పెట్టినావా?"

చీరల దగ్గర పనిచేసేవాళ్ళ చేతులకు ఇదొక జబ్బు. ఏది దొరికినా మడుస్తాయి. బస్సు టికెట్టు, హోటల్లో నాప్‌కిను, పెండ్లి పత్రిక, అన్నీ అంచు బయటికి కనిపించేలా మడుస్తాయి. మడిచినట్టు మనకు తెలియదు.

మడవడం కంటే మడవకపోవడం నేర్చుకోవడం కష్టం. నేను పనిలో చేరిన కొత్తలో, ఒకామె వద్దన్న మామిడిపండు రంగు చీరను చకచకా మడిచి పక్కన పెట్టాను. నా చురుకుదనం అందరూ చూడాలని. ఇంకో రెండు చీరలు చూసి ఆమె, ఆమె వెంట వచ్చిన ఐదుగురు, లేచి వెళ్ళిపోయారు. అప్పటి పెద్ద సేల్స్‌మన్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"వాళ్ళు కూర్చోనుండంగా మడవగూడదురా. నువ్వు మడిస్తే, ఇంక లేయండమ్మా అన్నట్టే. వద్దన్న చీర గూడ వాళ్ళు లేచేదాకా కండ్ల ముందరే పడుండల్ల."

అందుకే మా పరుపు మీద ఎప్పుడూ చీరలు గుట్టగా పడి ఉంటాయి. బయటివాళ్ళకు అది చిందరవందర. మాకు అది, బేరం ఇంకా నడుస్తోందని గుర్తు. ఈ సంగతి నాకు నా పేరు తెలిసినంత బాగా తెలుసు. ఏడు మెట్లలో మాత్రం దానికి చోటివ్వలేదు. తెలిసిన విషయం నేర్పడానికి సెమినార్ ఎందుకని కాబోలు.

ఆడిషన్‌కు ముందురోజు జమ్మలమడుగులో మా అక్క ఇంటికి వెళ్ళాను. అక్కడి నుంచి ముద్దనూరు మీదుగా పులివెందులకు పొద్దున్నే బస్సు దొరుకుతుంది. పైగా అక్క ఇంట్లో జనం ఉంటారు, ఒకసారి చెప్పి చూసుకోవచ్చు. నేను వెళ్ళేసరికి వసారాలో అక్క, పక్కింటి ఆడవాళ్ళు నలుగురు విత్తనానికి శనక్కాయలు వలుస్తున్నారు. నాకు శ్రోతలు దొరికారు. వాళ్ళకు పనిలో కాలక్షేపం దొరికింది.

పన్నెండు నిమిషాలు ఏడు మెట్లూ ఎక్కి దిగాను. చేతులు పైకెత్తినప్పుడల్లా ఒక పెద్దామె తలెత్తి దూలం వైపు చూసింది, బల్లి పడుతుందేమోనని. అయిపోయాక కూడా ఎవరి చేతులూ ఆగలేదు, శనక్కాయలు చిట్లుతూనే ఉన్నాయి.

"ఎట్లుండాదక్కా?" అన్నాను.

అక్క చేటలోని విత్తనాలు కుదిపి చూసింది. "మంచిగుండాది నాయనా. నువ్వు మాట్లాడినంతసేపట్లో చేట నిండింది."

"ఏం అర్థమయింది?"

"అర్థమయ్యేదానికి ఏముండాది? టీవీలో వార్తలు చెప్పినట్టు చెప్తాండావు. నీ అంగట్లో గూడ ఇట్లనే మాట్లాడ్తావా? ఇట్ల మాట్లాడితే నీ దగ్గర చీర కొన్నోల్లు ఎవురు?"

పెద్దామె నా పక్షాన నిలిచింది. "ఎగతాళి చేయొద్దు లేమ్మే. పాపం, శానాసేపు నిలబడినాడు."

సాధన మొత్తానికి నాకు దొరికిన ఒకే ఒక్క మెచ్చుకోలు అది.

మరుసటి రోజు పులివెందులలో ఒక కల్యాణ మండపం. ముహూర్తాలు లేని రోజు కాబట్టి మాకు ఇచ్చినట్టున్నారు. పెండ్లి పీటలు ఒక మూలకు జరిపి కుర్చీలు వేశారు. పన్నెండు మందిమి వచ్చాం, ఇద్దరిని తీసుకుంటారని చెప్పారు. వరుసలో నేను ఐదోవాణ్ణి. చేతిలో, ఎందుకైనా మంచిదని, ఉపన్యాసం రాసుకున్న కాగితం.

నాలుగో ఆయన కోటు వేసుకుని వచ్చాడు. "మిత్రులారా" అన్నాడు. అటూఇటూ నడిచాడు. గొంతు బ్రహ్మాండంగా ఉంది. ఆయన విజయానికి ఐదు మెట్లే పెట్టుకున్నాడు, కానీ ఆ ఐదూ నావే. ఆయనా నేనూ ఒకే వీడియో చూసి ఉంటాం. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, మర్యాద తెలిసినవాణ్ణి కదా. నాకు రెండు మెట్లు మిగిలాయి. వాటితో పన్నెండు నిమిషాలు గడవవు.

నా వంతు వచ్చింది. ఎదురుగా పదిమంది చేతులు కట్టుకుని కూర్చున్నారు. పొద్దున్నుంచి నలుగురిని విన్న అలసట వాళ్ళ ముఖాల్లో ఉంది. "మిత్రులారా" అన్నాను. ఆ తర్వాత ఏమీ రాలేదు. కళ్ళ ముందు పెండ్లి సీజన్, అంగడి వాకిలి, రెండు బొమ్మల మధ్య ఖాళీ కనిపించాయి.

ముందు వరుసలో ఉన్న ఒక అమ్మాయి నా చేతుల వైపే చూస్తోంది. రెడీమేడ్ దుకాణంలో పనిచేస్తుందని తర్వాత తెలిసింది.

"అన్నా, నువ్వు చీరల అంగడాయనవా?"

"ఎట్ల తెలిసెమ్మా?"

"కాయితం సూడు."

చూశాను. నా ఉపన్యాసం అరచేతిలో పట్టేంతగా, అంచు బయటికి వచ్చేలా మడతపడి ఉంది. పదిమందీ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు నా మణికట్టు మీద ఆ పెద్ద సేల్స్‌మన్ పట్టు గుర్తొచ్చింది.

"తప్పు చేసినాను," అన్నాను. "మీరు కూర్చోనుండంగానే మడిచేసినా. ఇది మా అంగట్లో శానా పెద్ద తప్పు. ఎందుకో చూపిచ్చేదా?"

చున్నీలు రెండు, తువ్వాలు ఒకటి, పక్కబల్ల మీది గుడ్డ ఒకటి అడిగి తీసుకుని, డాక్టరు మాట పక్కన పెట్టి, నేల మీద కూర్చున్నాను. ఆ అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టి కొనడానికి వచ్చినట్టు నటించమన్నాను. మొదటిసారి, ఆమె వద్దన్నదాన్ని వద్దన్నట్టే మడిచి పెట్టాను. నాలుగూ అయ్యేసరికి ఆమె లేచి నిలబడింది.

"ఎందుకు లేస్తివి?"

"ఏమో అన్నా. నువ్వు సర్దుకుంటాంటే, నేనే నిన్ను లేటు చేస్తాండా అనిపించె."

రెండోసారి దేన్నీ మడవలేదు. అన్నీ ఆమె ముందు అలాగే పడి ఉన్నాయి. కాసేపటికి ఆమె చెయ్యి, మొదట్లో వద్దన్న తువ్వాలునే మళ్ళీ లాక్కుంది. లాక్కున్నట్టు ఆమెకే తెలియలేదు. చూసేవాళ్ళు గోల చేశారు.

ఆ పదిమందిలో వెనకనున్న ఒక లావుపాటి మనిషి లేచాడు. "మాది కిరాణా అంగడన్నా. మేం ఏం మడచల్ల?"

ఇది నేను సిద్ధం చేసుకోని ప్రశ్న. "సామాను వేసినాక ఏం చేస్తావు?"

"సంచి మూతి కట్టిచ్చా."

"కొనేదానికి వచ్చినామె ఇంకేం కావాల్నో యోచన చేస్తాంటాది గదా, అప్పుడే కట్టొద్దు. నువ్వు కడితే ఆమె యోచన గూడ ముడి పడిపోతాది."

ఆయన అలాగే నిలబడి, తన సంచుల గురించి ఆలోచించాడు. ఆ తర్వాత మందుల షాపులో చేసే ఒకాయన, బిల్లు పుస్తకం ఎప్పుడు మూస్తాడో తనే చెప్పడం మొదలుపెట్టాడు. నేను పెద్దగా మాట్లాడాల్సిన పని లేకపోయింది.

అలా సాగుతుండగా వెనక వరుసలో ఉన్న పరీక్షకుల్లో ఒక మేడం పెన్నుకు మూత పెట్టడం కనిపించింది. మా వృత్తిలో ఇలాంటివి చూడకుండా ఉండలేం.

"అదో, మేడం పెన్ను మూసినారు," అన్నాను. "ఇంక మనమే లేయల్ల." ఇంకా రెండు నిమిషాలున్నాయి.

లేవలేకపోయాను. మోకాళ్ళు డాక్టరు పక్షం వహించాయి. కిరాణా ఆయన ఒకవైపు, మందుల షాపు ఆయన ఒకవైపు పట్టి లేపారు.

"బియ్యం మూట కంటే బరువుండావే అన్నా," అన్నాడు కిరాణా ఆయన, ఆప్యాయంగానే.

సాయంత్రం నన్నూ ఇంకొకామెనూ ఉండమన్నారు. కోటు ఆయన అప్పటికే బస్టాండుకు వెళ్ళిపోయాడు. పెన్ను మేడం నన్ను పిలిచి, రెండు నిమిషాలు ముందే ఎందుకు ఆపేశారని అడిగారు.

"మీరు పెన్ను మూసినారు కదా మేడం."

"ఇంకు అయిపోయిందండీ, అందుకని మూశాను."

ఇరవై రెండేళ్ళ అనుభవం అలా తప్పింది. ఆమె నవ్వి, అసలు సంగతి చెప్పారు. ఒక్కొక్కరి పాఠం అయ్యాక ఆ పదిమందినీ పక్కకు పిలిచి, ఏం నేర్చుకున్నారని అడిగారట. కోటు ఆయన గురించి, బాగా మాట్లాడినాడు అన్నారు. నా గురించి ఎలా మాట్లాడాడని ఎవరూ చెప్పలేదు. సంచి మూతి తొందరగా కట్టకూడదన్నారు. "మీరు వచ్చే నెల నుంచి చేరొచ్చు. ఒకటే షరతు, ఇంకెప్పుడూ నేల మీద కూర్చోకండి," అన్నారు. ఈ ముక్క డాక్టరుకు వినిపించాలనిపించింది.

తిరిగి ప్రొద్దుటూరు వచ్చి షావుకారుకు చెప్పాను. అప్పుడే ఒక పెండ్లివాళ్ళు లేచి బిల్లు దగ్గరికి వెళ్ళారు. పరుపు మీద చీరలు గుట్టగా పడి ఉన్నాయి. వాటి మధ్య షావుకారు కూర్చుని ఉన్నాడు. నేను నిలబడి ఉన్నాను.

"ఊర్లు తిరిగే పని అప్పా అది. నీ కాళ్ళకు అయ్యేపనేనా?" అన్నాడు. కాసేపాగి, "పరుపును బల్ల మీదికి ఎత్తిస్తా. వచ్చేవాళ్ళు గూడ కుర్చీల్లో కూర్చుంటారు. ఇప్పుడు అందరూ అట్లనే చేస్తాండారు," అన్నాడు. ఇంకొంచెం ఆగి, "వాకిలి మాట మర్చిపో," అన్నాడు.

నెల కిందట ఈ మూడు మాటల్లో ఒక్కటి చెప్పినా సరిపోయేది. ఆయన ఏం చేస్తున్నాడో నాకు తెలుసు. ఒక్కొక్కటే పరుస్తున్నాడు, ఏదీ మడవడం లేదు. నేనింకా ఎదురుగా ఉన్నాను కాబట్టి బేరం నడుస్తున్నట్టే.

నేను వంగి, అందినంతలో పైనున్న చీర ఒకటి తీసుకున్నాను. నిలబడే మడిచాను. నిలువుగా రెండు, అడ్డంగా రెండు, అంచు బయటికి. ఆయన చేతికిచ్చాను.

ఆయన మడత వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత చీర చేత్తో పట్టుకుని, మెల్లగా లేచాడు.