పండగకు ముందు తెంపిన కాయలు

సోమవారం పొద్దున కిష్టారం దగ్గరి మా ఊరినుంచి అన్న ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది" అన్నాడు. అంతలోనే సిగ్నల్ పోయింది.

ఆమె అన్నకు అమ్మ, మా అమ్మకు అక్క, నాకు పెద్దమ్మ. ఆమె మీకెవరికీ తెలియదు. నన్ను పెంచింది ఆమే. మా ఊళ్ళో కొత్త మామిడికాయల పండగ చేసి, దేవరకు పెట్టేదాకా ఎవరూ కాయ తెంపరు. చిన్నప్పుడు నేను దొంగచాటుగా కొరికిన కాయను నోట్లోంచి లాగి పారేసేది. "ఊరంత ఆగింది, నీకేమైందే?" అనేది.

పోయిన చలికాలం పక్షవాతం వచ్చి ఆమె కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. సుక్మా పట్నంలో నా గదికి తెచ్చుకున్నాను. ఇప్పుడు లేపకపోతే ఇక మంచమేనని డాక్టర్ చెప్పాడు. ముసలివాళ్ళతో కసరత్తు చేయించే కేంద్రంలో నా ఉద్యోగం. అక్కడి వర్చువల్ రియాలిటీ కళ్ళజోడు తెచ్చి ఆమెకు పెట్టాను. పెట్టుకుంటే చుట్టూ మామిడితోట. నిలబడి చెయ్యి చాపి తెంపితే కాయ బుట్టలో పడుతుంది.

నిలబడింది, చూసింది, చెయ్యి మాత్రం ఎత్తలేదు.

"పండగ కాలేదు గద బిడ్డా, ఎట్ల తెంపుత?"

"ఉత్త బొమ్మలే పెద్దమ్మా."

"అయితేంది? కాయ కాయే."

వారం బతిమాలాను. చివరికి విసుగొచ్చి, ఊళ్ళో పండగ అయిపోయిందని అబద్ధం చెప్పాను. నమ్మింది. పడిపోయిన కుడి చెయ్యి మెల్లగా లేచింది. రోజూ చెమటలు కారేలా తెంపేది. గోడ పట్టుకుని తలుపుదాకా నడిచింది కూడా. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అప్పుడు అన్న పండగకు పిలవడానికి వచ్చాడు.

పెద్దమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కళ్ళజోడు నా ఒళ్ళో పెట్టి, "నాతోని తప్పు చేపిచ్చినవ్" అంది. మళ్ళీ లేవలేదు. పండగ నిజంగా అయిన రోజు గదికి పరుగున వచ్చి చెప్పాను. గోడవైపు తిరిగి, "మొన్నగూడ గిట్లనే అన్నవ్ గద" అంది. ఊరికి పంపమంది. పంపాను.

ఆ తర్వాత మంచమే. ఒంటినిండా పుండ్లు పడ్డాయి. పక్షవాతం చంపిందని అందరూ అంటున్నారు. నేను తలూపుతున్నాను. అది కూడా అబద్ధమే.

మట్టి చేసి వచ్చి కళ్ళజోడు పెట్టుకున్నాను. తోట అలాగే ఉంది. ఆమె తెంపిన కాయలన్నీ బుట్టలో ఉన్నాయి, ఒక్కటీ వాడిపోలేదు.