అది నల్లేరు కాదు మొర్రో!

ఆ రోజుల్లో మొక్కల్ని ఎవరూ కొనేవాళ్ళు కారు. డబ్బిచ్చి మొక్క కొన్నామంటే నందిగామలో నలుగురూ నవ్విపోయేవాళ్ళు. మల్లె అంటు కావాలన్నా, గులాబీ కొమ్మ కావాలన్నా ఒకరింటికి వెళ్ళి, కూర్చుని, వాళ్ళ పిల్లల చదువులూ పెద్దవాళ్ళ మోకాళ్ళ నొప్పులూ అన్నీ విచారించి, లేచేటప్పుడు "అన్నట్టు..." అంటూ ఆ మాట బయటపెట్టాల్సిందే. ఇష్టమున్నవాళ్ళు ఇచ్చేవాళ్ళు, లేనివాళ్ళు "ఇప్పుడు అదను కాదమ్మా" అనేవాళ్ళు. (వాళ్ళకి ఏడాది పొడుగునా అదను ఉండేది కాదు.) అలా అడిగి, బతిమాలి, కాచుకుని కాచుకుని నేను సంపాదించిన ఒక మొక్కకి మా ఇంట్లో జరిగిన మర్యాద తలుచుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఒళ్ళు మండుతుంది. మీరైనా విని న్యాయం చెప్పండి. మా ఇంట్లో ఒక్కరూ చెప్పలేదు.

ట్రైనింగు పూర్తయి జగ్గయ్యపేటలో ఆడపిల్లల బడిలో టీచరుగా చేరిన కొత్త. వారమంతా అక్కడ గది అద్దెకు తీసుకుని ఉండి, శనివారం మధ్యాహ్నం బస్సెక్కి నందిగామలో మా ఇంటికి వచ్చేదాన్ని. మా బడికి పెద్ద టీచరుగారు ఒకావిడ ఉండేవారు. ఆవిడ పెద్దగా మాట్లాడరు, అసలు నవ్వరు. ఆవిడ గది ముందు వరండాలో, ఎండపొడ తగలని మూల, ఒక మట్టికుండీలో ఉండేది ఆ మొక్క. ఎప్పుడో దేశం విడిచి వెళ్ళిపోతూ ఒక దొరసానిగారు ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళారట. దానికి ఆకుల్లేవు, ముళ్ళూ లేవు. బల్లపరుపుగా ఉండే పచ్చటి కణుపులు ఒకదాని కొసన ఒకటి అతుక్కుని, గొలుసుల్లా కుండీ అంచుమీదుగా వేలాడేవి. ఏడాదిలో ఎక్కువ భాగం దాన్ని చూసి ముచ్చటపడ్డానికి ఏమీ ఉండేది కాదు. డిసెంబరు రాగానే మాత్రం ప్రతి గొలుసు చివరా ముదురు గులాబీరంగు పువ్వు, ఒక పువ్వులోంచి మరో పువ్వు బయటికి దూకుతున్నట్టు! క్రిస్మస్‌కి పూస్తుంది, జెముడు జాతిది, అందుకని మేమంతా క్రిస్మస్ జెముడు అనేవాళ్ళం.

నేను చేరిన మొదటి డిసెంబరులోనే అడిగాను. "చంపుతావు," అన్నారు పెద్ద టీచరుగారు. ఎండాకాలంలో అడిగాను. "ఎండకి చంపుతావు." వానాకాలంలో అడిగాను. "నీళ్ళు పోసి చంపుతావు." నేను ఆవిడకి మొక్కల్ని చంపేదానిలా ఎందుకు కనిపించానో నాకిప్పటికీ తెలీదు. మరుసటి ఏడాది పువ్వులన్నీ రాలిపోయాక, ఒక శనివారం బడి వదిలిన తర్వాత ఆవిడే నన్ను పిలిచారు.

"దీని మొదలు మెత్తబడుతోందమ్మాయ్. వచ్చే వానలకి ఉంటుందో పోతుందో. నీ దగ్గర పిలకలుంటే నాకు కాస్త ధైర్యం," అన్నారు. నేను నిజంగా చేతులు జోడించాను. కత్తి పెట్టకూడదట. కణుపు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా మెలిపెడితే అదే ఊడి వస్తుంది. అలా ఒక్కొక్కటే తుంచి గుప్పెడు ముక్కలు నా దోసిట్లో పోశారు. "వెంటనే నాటొద్దు. తుంచినచోట పచ్చి ఆరాలి. నీడలో, గాలాడేచోట పరిచి ఉంచు. ఆరాక ఇసక కలిపిన మట్టిలో కొసలు మాత్రం గుచ్చు. నీళ్ళు చిలకరించు, పొయ్యొద్దు. అర్థమైందా?" అర్థమైందండీ అన్నాను. బస్సులో ఆ పొట్లాన్ని ఒళ్ళో చంటిబిడ్డలా పెట్టుకున్నాను. దారిలో చిల్లకల్లులో ఎక్కిన ఒకాయన గంప నా మోకాళ్ళమీద ఆనించబోతే నేను అరిచిన అరుపుకి డ్రైవరు బస్సాపాడు.

ఇక మా మేనత్త సంగతి చెప్పాలి. నాన్నకి అక్క. మామయ్య పోయాక మా ఇంట్లోనే ఉండేది. వంటిల్లు ఆవిడ రాజ్యం, మా అమ్మ అందులో బంటు. చూపు ఆనేది కాదు. నాన్న విజయవాడ తీసుకెళ్ళి కళ్ళజోడు చేయిస్తే, అది బైబిలు చదువుకోడానికేగానీ వంకాయలు తరగడానికా అని జాగ్రత్తగా పెట్టెలో దాచింది. ఆ సాయంత్రం నేను ముక్కల్ని చేటలో పరిచి వెనక పంచలో నీడలో పెట్టాను. మర్నాడు ఆదివారం మధ్యాహ్నం పాస్టరుగారూ పాస్టరమ్మగారూ మా ఇంటికి భోజనానికి రావాలి. అందుకని అత్తయ్య వంటకి ఇంట్లో ఉండిపోయింది, మేమంతా చర్చికి వెళ్ళాం.

తిరిగొచ్చేసరికి ఇల్లంతా తిరగమోత వాసన. అందరం వరసగా కూర్చున్నాం. పాస్టరుగారు కళ్ళు మూసుకుని, వడ్డించిన ప్రతి పదార్థాన్నీ ఆశీర్వదించమని నిండుగా ప్రార్థన చేశారు. మాంసం కూర ఉంది, పప్పుచారు ఉంది, ఒక పచ్చడి ఉంది. పాస్టరుగారు మాంసాన్ని పక్కకు నెట్టి ఆ పచ్చడే మళ్ళీమళ్ళీ కలుపుకున్నారు.

"అక్కగారూ, ఏం పచ్చడండీ ఇది?"

"నల్లేరండి," అంది అత్తయ్య మురిసిపోతూ. "అమ్మాయి పేట నుంచి తెచ్చింది. ఎంత లేతదో! పీచు లేదు, దురద లేదు. చేతులకి నూనె కూడా రాసుకోలా. అందరికీ చాలదని రెండు దొండకాయలు కలిపా."

నల్లేరు తెలుసుగా మీకు, కంచెలమీద పాకే కణుపుల తీగ. నేను కూడా ఆ పచ్చడి రెండోసారి వేయించుకుని, వేలు నాకుతూ, "అవునత్తా, బాగుంది," అన్నానండీ! ఆ తర్వాత కదా బుర్రలో ఏదో మెరిసింది. నేను తేలేదే నల్లేరు! ఎంగిలి చేత్తోనే వెనక పంచలోకి పరిగెత్తాను. చేట శుభ్రంగా కడిగి గోడకి తగిలించి ఉంది.

అతిథులు వెళ్ళేదాకా ఎలా ఓర్చుకున్నానో నాకే తెలీదు. వాళ్ళిలా గుమ్మం దాటారు, నేనలా గొంతెత్తాను. "అత్తా! అది నల్లేరు కాదు! దొరసానిగారి మొక్క! పెద్ద టీచరుగారు ప్రాణంలా చూసుకునే మొక్క!"

"మొక్కైతే మట్టిలో ఉండాలి గదే. చేటలో ఎందుకుంటది?"

"ఆరబెట్టాను!"

"మొక్కని ఎవరన్నా ఆరబెడతారా? చేటలో ఉన్నదేదైనా వంటకే. నలుగురినీ పిలిచి అడుగు, నేనన్నది తప్పంటే అప్పుడను."

నలుగురినీ అడిగాను. అమ్మ, "వదినగారు అన్నదాంట్లో తప్పేముందే," అంది. నాన్న తాపీగా పళ్ళు కుట్టుకుంటూ, "పోనీలే అమ్మా, పరాయివాళ్ళు ఎత్తుకుపోలేదుగా, మన కడుపుల్లోకేగా పోయింది," అన్నారు. నా కళ్ళనీళ్ళు చూసి జాలిపడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. అంతలో అమ్మకి ఇంకో అనుమానం వచ్చింది. "జెముడంటున్నావు, దానికి విషం ఉండదు గదా?" అంతే, ఇంట్లో గాలి మారిపోయింది. అత్తయ్య గబగబా మజ్జిగ తాగింది. నాన్న చెప్పులేసుకుని పాస్టరుగారింటికి బయల్దేరారు. అక్కడ పాస్టరుగారు మంచంమీద కదలకుండా పడుకుని ఉన్నారట. నాన్న దగ్గరికి వెళ్ళి, ముక్కు దగ్గర చెయ్యి పెట్టి ఊపిరి చూశారట. పాస్టరుగారు కళ్ళు తెరిచి "ఏంటండీ?" అంటే ఏం చెప్పాలో తోచక, "ఊరికే, ఒకసారి చూసిపోదామని వచ్చానండి," అన్నారట. పాపం పాస్టరమ్మగారు, ఇంత ప్రేమగల విశ్వాసులు మరెక్కడా లేరని ఆ పై ఆదివారం చర్చిలో అందరికీ చెప్పారు. చెప్పి, అత్తయ్యని ఆ నల్లేరు ఇంకోసారి తెప్పించమని కూడా అడిగారు.

సోమవారం బడికి వెళ్ళగానే పెద్ద టీచరుగారు, "ఆరాయా?" అని అడిగారు. నేను ఏడుపు గొంతుతో, "తినేశారండీ," అన్నాను. మేక తినేసిందా అన్నారు. కాదండి, పాస్టరుగారు అన్నాను. ఆవిడ పుస్తకాలు తీసుకుని క్లాసుకి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది. జూన్‌లో వానలు పడ్డాయి. ఆవిడ చెప్పినట్టే తల్లిమొక్క మొదలంటా కుళ్ళిపోయింది. ఖాళీ కుండీని ఆవిడ వరండాలోంచి తీయలేదు. రోజూ ఆ కుండీ ముందునుంచే నేను క్లాసుకి వెళ్ళాలి. వెళ్ళిన ప్రతిసారీ అత్తయ్యమీద నా కోపం కొత్తగా పుట్టేది. ఇంటికి వెళ్తే ఆవిడతో మాటలు మానేశాను. ఆవిడ కూడా నాతో మానేసింది, చిత్రం చూడండి, నష్టపోయిందేదో తనే అయినట్టు!

ఆగస్టులో కాబోలు, ఒక శనివారం కాళ్ళు కడుక్కుంటూ చూశాను. నీళ్ళకాగు చాటున చల్లటి నీడలో ఒక పగిలిన కుండపెంకు, అందులో బూడిదా మట్టీ, అందులోంచి గుబురుగా పచ్చటి కణుపుల గొలుసులు! పచ్చడికి ముదురుగా ఉన్నాయని పక్కన పడేసిన ముక్కల్ని, పెరట్లో నల్లేరు ఉంటే మంచిదే అనుకుని అత్తయ్య ఆ రోజే గుచ్చేసిందట. ఆరబెట్టలేదు. ఇసక కలపలేదు. బియ్యం కడిగిన నీళ్ళు గుమ్మరించేది. మరి బతకడానికి దానికి సిగ్గుండాలా వద్దా?

నేను చెయ్యి పెట్టబోయానో లేదో వెనకనుంచి గొంతు వినిపించింది. "నా నల్లేరు ముట్టుకోకు."

"అది నల్లేరు కాదత్తా!"

"నీది కాదుగా. నీది తినేశాంగా. ఇది నాది."

డిసెంబరులో అది పూసింది. నల్లేరుకి ఈ పువ్వేంటని అత్తయ్య పెట్టె తెరిచి, బైబిలుకి కాక మొదటిసారి ఒక మొక్క చూడ్డానికి కళ్ళజోడు పెట్టుకుంది. చాలాసేపు చూసింది. ఆ పైన పగిలిన పెంకులోంచి సగం మొక్కని మట్టితోసహా తీసి మంచి కుండీలోకి మార్చి, నా సంచి పక్కన పెట్టింది. "మీ టీచరమ్మకియ్యి," అంది. మిగతా సగాన్ని వీధివీధంతా పంచింది, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ. నందిగామలో మా వాడలో దాని పేరు 'పూల నల్లేరు' అని స్థిరపడిపోయింది. ఆ పేరు మార్చడానికి నేను చేసిన ప్రయత్నాలన్నీ వృథా.

పెద్ద టీచరుగారి చేతిలో ఆ కుండీ పెడితే ఆవిడ నవ్వారు. నేను ఆవిడ నవ్వు చూసింది అప్పుడే. "ఎవరు బతికించారు?" అన్నారు. మా అత్తయ్య అన్నాను. "ఆవిడకి నా వందనాలు చెప్పు." అంతే! మోసుకొచ్చిన మనిషికి ఒక్క మాట లేదు!

ఇప్పుడు అత్తయ్యా లేదు, పెద్ద టీచరుగారూ లేరు. నా కోపం మాత్రం క్షేమంగా ఉంది. కానీ ఈమధ్య తరచూ ఆ కుండీని పేటకి తీసుకెళ్ళిన బస్సే గుర్తొస్తోంది. కంచి నూలు చీర కట్టుకుని, ఒళ్ళో కుండీతో, పెద్ద టీచరుగారి దగ్గర అత్తయ్యమీద ఏమేం చెప్పాలో దారిపొడుగునా పెదవులు కదుపుతూ వల్లెవేసుకుంటున్న ఆ ఇరవయ్యేళ్ళ పిల్ల. కుదుపులకి ఒక్కో మొగ్గే రాలి ఆమె కాళ్ళ దగ్గర పడుతోంది, ఆమెకి తెలియడం లేదు. విచ్చిన పువ్వులు సరిగ్గా ఆమె గడ్డం కింద ఊగుతున్నాయి, వాటినీ చూడడం లేదు. వెళ్ళి ఆమె పక్క సీట్లో కూర్చుని, "న్యాయం నీదేలేవే పిచ్చిపిల్లా, ఒక్కసారి తల వంచి చూడు," అందామనిపిస్తుంది. అన్నా వినేదికాదు, నాకు తెలుసు. "మీకేం తెలుసండీ!" అని నామీదే విరుచుకుపడేది.