బూజు పట్టిన గాజు

ఊరగాయకు బూజు పడితే జాడీతో సహా దిబ్బలో పారబోస్తాం. గాజుకు బూజు పడితే మాత్రం వెతికి మరీ కొనేవాళ్లు ఉన్నారు. అందులో మా తమ్ముడి కొడుకు ఒకడు. తిరుపతిలో ఉద్యోగం. వాడి కొత్త డిజిటల్ కెమెరాకు, తనంతట తానే ఫోకస్ చేసుకునే లెన్సు ఒకటి దాంతోపాటే వచ్చింది. దాన్ని పీకి పెట్టెలో పడేశాడు. వాడు పుట్టకముందు ఎవరో వాడి వదిలేసిన లెన్సును తెచ్చి, మధ్యలో ఒక రింగు బిగించి కెమెరాకు తగిలించుకున్నాడు. దీనికి ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. ఎండకు పట్టి నాకు చూపించాడు. లోపల తెల్లగా, సన్నటి వేర్ల మాదిరి ఏదో పాకి ఉంది.

"ఇదేమిరా, బూజు గదా?"

"అదే దాని అందం అత్తా. పాతవాటికి ఒక కళ ఉండాది. కొత్త లెన్సులకు ప్రాణం లేదు."

పాతవాటి మీద ఇంత ప్రేమ ఉన్నవాడే, వాళ్లింట్లో రుబ్బురోలు చోటు తినేస్తోందని వీధిలోకి దొర్లించాడు. సత్యవేడు రోడ్డులో మా అమ్మ నడిపే సంగటి అంగడి రోడ్డు వెడల్పుకు పోతుందని తెలిసినప్పుడు, "పోనీలే అవ్వా, ఎంత పాతది అది" అన్నదీ వాడే. సంచిలో పట్టేంత పాతదైతేనే ఇలాంటివాళ్లకు ముద్దు.

అంగడి పడగొట్టేలోగా దాని ముందు నిలబడి ఫోటో తీయించుకోవాలని అమ్మ కోరిక. తాను పోయాక గోడకు తగిలించాల్సిన పటం అదేనని ముందే చెప్పి పెట్టింది. నాకు కావలసింది ఇంకొకటి కూడా ఉంది. అంగడి తడిక మీద ఒక రేకు బోర్డు. పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలు: "ఇక్కడ రాగి సంగటి దొరుకును". అది రాసింది నేను. నలభై దాటాక, ఊళ్లో పెద్దవాళ్లకు పెట్టిన సాయంత్రం బడికి వెళ్లి, పగలు బస్సుల బోర్డులు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నాను. పలక మీద రాసినవన్నీ తుడిచేసినవే. నలుగురూ చదవాలని రాసింది ఆ ఒక్క బోర్డే. చివరికొచ్చేసరికి చోటు చాలక అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. అయినా లారీలవాళ్లు దాన్ని చదివే బండి ఆపేవాళ్లు. ఇప్పుడు రేకు తుప్పు పట్టి ముట్టుకుంటే రాలుతోంది. ఊడదీస్తే మిగలదు. మిగిలితే ఫోటోలోనే మిగలాలి.

అబ్బాయిగారు ఒక ఆదివారం వచ్చి అమ్మను పొయ్యి పక్కన నిలబెట్టాడు. కెమెరా కంటికి ఆనించి లెన్సు మీది ఫోకస్ రింగు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ముందుకు వంగాడు, వెనక్కి జరిగాడు. తినడానికి వచ్చినవాళ్లు తినేసి చేతులు కడుక్కుని వెళ్లిపోయారు.

"కదలొద్దవ్వా."

"నేను యాడ కదిలినాను? ఊగతా ఉండేది నువ్వు. ఈ లోపల ఒక కుండ సంగటి కెలికేసుందును."

చివరికి కెమెరా వెనక ఉన్న బొమ్మ చూపించాడు. అమ్మ ముక్కు, కళ్లు బాగానే ఉన్నాయి. చెవులు సగం కరిగిపోయాయి. పొయ్యి లేదు, తడిక లేదు. బోర్డు ఉన్నచోట పసుపు నీళ్లు ఒలికినట్టు ఒక మరక.

అమ్మ చాలాసేపు చూసింది. "కంటి ఆపరేషను కాకముందు నాకు లోకమంతా ఇట్లనే కనపడతా ఉండిందిరా. కోయించుకోని పోగొట్టుకుంటిని. నువ్వు దాన్ని కొనుక్కోనొస్తివా?"

వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"అక్షరాలు యాడరా?" అన్నాను.

"అవి కనపడితే సూసేవాళ్ల కండ్లు ఆడికే పోతాయి అత్తా. అవ్వ మీద నిలబడవు."

"పోనీరా. ఆడికి పోవాలనే రాసినాను."

"వెనకది కరిగిపోవడమే ఈ లెన్సు గొప్ప."

"అన్నీ కనపడేటట్టు తీసేదానికి కాదా దీంతో?"

అవుతుందట. ఇంకో రింగు ఉందట. అది తిప్పితే లోపలి రంధ్రం చిన్నదై, ముందున్నదీ వెనకున్నదీ అన్నీ తేటగా పడతాయట. వాడికి అది తెలుసు. తెలిసీ తిప్పలేదు. అలా తీస్తే సెల్‌ఫోన్ ఫోటోకీ దీనికీ తేడా ఏముందని వాడి బాధ.

"తిప్పు" అంది అమ్మ. "నా పటంలో నా అంగడి లేకపోతే నేనెవురని అనుకుంటారు? దోవన పొయ్యే ముసిల్ది అనుకుంటారు."

మొహం ముడుచుకుని తిప్పాడు. తీశాడు. అన్నీ పడ్డాయి: అమ్మ, కుండ, నీళ్ల డ్రమ్ము, వేలాడే కరెంటు తీగ, తోసుకుంటున్న నా అక్షరాలు. ఆ గాజులో తప్పు లేదు. బూజు పట్టినా, ఉన్నదాన్ని ఉన్నట్టు చూపించింది. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడడం దాన్ని కొన్నవాడికే ఇష్టం లేదు.

ఫోన్లో పాత లెన్సుల పిచ్చివాళ్ల గుంపు ఒకటి ఉంది, దానికి మొదటి ఫోటోనే పంపాడు. ఏం లెన్సు అని అందరూ అడిగారట. ఆమె ఎవరని ఒక్కరూ అడగలేదు. అలాంటి గుంపు అది.

తర్వాత అంగడి పోయింది. రేకు లాగితే నా చేతిలోనే ముక్కలైంది. రెండో ఫోటో మా ఇంట్లో గోడకు ఉంది. దాని కింద అమ్మ బతికే ఉంది, రాగులు చెరుగుతూ. మొన్న కరెంటు బిల్లు కొట్టడానికి వచ్చినతను ఆ పటం ముందు ఆగి, తోసుకున్న అక్షరాలతో సహా గట్టిగా చదివాడు. "ఇక్కడ రాగి సంగటి దొరుకును. దొరుకుతుందా అవ్వా?"

"అంగడి పాయెనప్పా" అంది అమ్మ. "ఇంట్లో ఉండాది. కూసో."