అడుగెత్తు అక్షరాలు

మా బోర్డుల మావయ్య రాసిన బోర్డును చదువు రానివాడు కూడా చదివేస్తాడు. అబద్ధమైతే నా నాలుకకు ఎనామిల్ రంగు పూయండి. ఓసారి ఆయన ఒక గేటు మీద 'కుక్క ఉంది జాగ్రత్త' అని రాస్తే, ఆ ఇంటి కుక్కే అది చదివి హడలిపోయి వారం రోజులు గేటు దాటలేదు. నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి బయటపడ్డవాణ్ణి. పదిహేనేళ్ళుగా ఆయన నిచ్చెన పట్టుకుని బతుకుతున్నాను. కాబట్టి ఈ విషయంలో నా మాటే శాసనం.

ఆయన చేతికి ఆ గుండ్రటి అక్షరం అబ్బింది మా పెద్దమ్మ వల్ల. తల్లి పోయాక మా అమ్మనీ మావయ్యనీ పెంచింది ఆవిడే. రోజూ సాయంత్రం తమ్ముడి పలక ఒళ్ళో పెట్టుకుని ఒక్కో అక్షరం మీదా వేలు నడిపేది. "ఇది వంకరగా ఉంది. చెరిపి మళ్ళీ రాయి" అనేది. తప్పా ఒప్పా అని ఏనాడూ అనలేదు. వంకర, అంతే. పంతులుకు భయపడని మావయ్య ఆ వేలికి భయపడేవాడు.

మూడేళ్ళ కిందట పెద్దమ్మకు మతిమరుపు పట్టుకుంది. మొదట పొయ్యి మీద పాలు మరిచిపోయింది, తర్వాత పొయ్యి ఎక్కడుందో మరిచిపోయింది. పెళ్ళీ పెటాకులూ లేని మావయ్యా ఆవిడా మేడ మీద రెండు గదుల్లో ఉండేవారు. ఆయన తన విద్యంతా బయటికి తీశాడు. తలుపు తలుపుకీ బోర్డు. వంటగది. స్నానాల గది. మందుల పెట్టె. నీలం మీద తెలుపు, అంచుకు ఎర్ర గీత. తన చొక్కా జేబు మీద 'తమ్ముడు' అని కూడా రాసుకున్నాడు.

"ఇన్ని బోర్డులు పెడితే బస్సొచ్చి ఆగుతుంది మావయ్యా" అని ఎగతాళి చేశాను నేను.

పెద్దమ్మ స్నానాల గది ముందుకు వచ్చి నిలబడేది. బోర్డు వైపు చూస్తూ చూస్తూనే బట్టలు తడుపుకునేది.

"అడుగెత్తు అక్షరాలు రాశాను కదక్కా. కనపడట్లేదా నీకు?" అని కసిరేవాడు మావయ్య.

"కళ్ళజోడు ఎక్కడో పెట్టాన్రా" అనేది ఆవిడ.

కళ్ళజోడు ముక్కు మీదే ఉండేది. ఆయన రెండుసార్లు కొత్త అద్దాలు వేయించాడు. బోర్డు పెద్దది చేశాడు. బోర్డుతో పాటు గొంతూ పెద్దదైంది. కింద వాటావాళ్ళు తలెత్తి చూసేవారు. నేను నేల తుడుస్తూ నవ్వేవాణ్ణి. ఆ సంగతి రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

ఒకరోజు మేం పనిలో ఉండగా ఆవిడ మెట్లు దిగి ఎటో వెళ్ళిపోయింది. కూరగాయల కొట్టాయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఇక ఇలాంటివాళ్ళను చూసుకునే చోటు వెతకక తప్పలేదు.

"ఎక్కడైనా పెడతాను గానీ, మా అక్కను ఒక్క మాట అనే చోట మాత్రం పెట్టను" అన్నాడు మావయ్య.

మొదటి చోట బోర్డు మీద 'వృద్ధుల' అన్న మాటకు వట్రుసుడి లేదు. "వట్రుసుడి మరిచినవాడు మాత్రలు గుర్తుపెట్టుకుంటాడా" అని గేటు దగ్గరే వెనక్కి తిరిగాడు. రెండో చోట బోర్డు బాగుంది గానీ, లోపల ఆయా ఎవరినో "ఎన్నిసార్లు చెప్పాలి నీకు" అనడం వినపడింది. దారి పొడుగునా ఆ ఆయాను తిడుతూనే ఉన్నాడు.

మూడోది మామూలు ఇల్లు. ఎనిమిది మంది ఉన్నారు. ఉద్యోగం చాలించిన ఒక నర్సమ్మ నడుపుతోంది. పెద్దమ్మను కూడా వెంట తెమ్మంటే తీసుకునే వెళ్ళాం. లోపల ఒక్క బోర్డూ లేదు. ఒక తలుపుకు కంచం, ఒకదానికి దిండు, ఒకదానికి ఎర్ర మగ్గు వేలాడుతున్నాయి.

"ఇదేంటమ్మా, పాతసామాన్ల కొట్టులా ఉంది. మా మావయ్య ఊరికే బోర్డులు రాసిస్తాడులెండి" అన్నాను.

"వద్దు బాబూ. ఇక్కడ అక్షరాలు నిలవవు. మగ్గు నిలుస్తుంది" అంది నర్సమ్మ.

మేం మాట్లాడుతుండగానే పెద్దమ్మ లేచింది. చుట్టూ చూసింది. మగ్గున్న తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. కాసేపటికి కాళ్ళు కడుక్కుని, పొడిబట్టలతోనే వచ్చి కూర్చుంది. మావయ్య ఆ మగ్గు వైపే చూస్తూ ఉండిపోయాడు.

"చదువుకున్నారా ఈవిడ?" అని అడిగింది నర్సమ్మ.

"నా చదువు దిద్దిందే ఆవిడ."

నర్సమ్మ బల్ల మీది దరఖాస్తు తీసి పెద్దమ్మ చేతికిచ్చింది. ఆవిడ దాన్ని తలకిందులుగా పట్టుకుని వేలు నడిపింది. "ఇది వంకరగా ఉంది. మళ్ళీ రాయి" అంది.

"మతిమరుపులో అక్షరాలు కూడా పోయుంటాయి" అన్నాను నేను.

మావయ్య తల అడ్డంగా ఊపాడు.

"కాదురా. ఉత్తరమొస్తే నాచేతే చదివించేది. పరీక్ష ఫలితాలొచ్చిన రోజు 'నీ నోటితోనే వినాలి' అంది. ఏ బస్సో పక్కవాళ్ళని అడిగేది. ఎప్పుడూ కళ్ళజోడు మరిచిపోయేది. కళ్ళజోడు కొనకముందు కూడా."

ఊళ్ళో సగం గోడల మీద అక్షరాలు దిద్దిన మనిషికి, ఇంట్లో అక్షరం రాని అక్క కనపడలేదు. నిచ్చెన పట్టుకున్న నాకూ కనపడలేదు.

నర్సమ్మ దరఖాస్తు వెనక్కి తీసుకుని నింపసాగింది. నిద్ర ఎలా పడుతుంది, ఏ మందులు వాడుతున్నారు అని అడుగుతూ వచ్చింది.

"దేనికైనా బెదురుతారా?"

మావయ్య చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. 'తమ్ముడు' ఆ చేతి కింద దాక్కున్నాడు.

"నా గొంతుకి" అన్నాడు.

నర్సమ్మ అదీ రాసుకుంది.

పెద్దమ్మ ఇప్పుడు అక్కడే ఉంటోంది. ఆదివారాలు వెళ్తాం. టర్పెంటైన్ వాసన తగలగానే "చేతులు కడుక్కో" అని మగ్గున్న తలుపు చూపిస్తుంది. మావయ్య మారుమాట్లాడకుండా వెళ్ళి కడుక్కుంటాడు. ఇంట్లో బోర్డులు నేనే పీకాను. ఆయన ముట్టుకోలేదు.

ఇదంతా రాసి ఆయనకు చదివి వినిపించాను. కుంచెలు కడుగుతూ విన్నాడు. కుక్క సంగతి దగ్గరైనా నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"మొదటి మాట కొట్టెయ్యరా అల్లుడూ. చదువు రానివాళ్ళు నా బోర్డు చదవలేరు. మా అక్క చదవలేకపోయింది. నేను తిట్టాను."