పక్కింటి అక్క పెట్టిన సంతకం

నా చిన్నప్పుడు నాకు జవాబు దొరకని ప్రశ్న ఏదైనా ఉంటే అన్నం సహించేది కాదు. మా అమ్మ నన్ను సీఐడీ అని పిలిచేది. ఆరో తరగతిలో అలా నన్ను వారాల తరబడి పట్టి పీడించిన ప్రశ్న ఒకటుంది. బ్యాంకు మూతపడితే అందులో వేసిన డబ్బు ఎక్కడికి పోతుంది?

అప్పుడు మేం మాదాపూర్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. నాన్నకు బదిలీ అయి ఏలూరు నుంచి వచ్చాం. రోడ్డుకు అవతల బండరాళ్ళ మధ్య గుండ్రటి మేడ ఒకటి లేస్తోంది. ఇవతల మా గల్లీలో మాత్రం బర్రెలు అడ్డొస్తే స్కూటర్లు ఆగేవి. గల్లీ మొదట్లోనే చిన్న సహకార బ్యాంకు ఉండేది. రెండు గదులు, ముగ్గురు మనుషులు, అంతే. ఒక సోమవారం దాని షట్టర్ లేవలేదు. మర్నాడు షట్టర్ మీద నోటీసు అంటించారు. బ్యాంకు డైరెక్టర్లు భూములు కొనడానికి తమ చుట్టాలకే అప్పులిచ్చుకున్నారని, అవి వసూలు కాలేదని పెద్దవాళ్ళు చెప్పుకున్నారు. అదంతా నా బుర్రకెక్కలేదు. బడి నుంచి వస్తూ నేల మీద బోర్లా పడుకుని షట్టర్ కింద సందులోంచి లోపలికి చూశాను. కుర్చీల కాళ్ళు, దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు. గౌను మట్టి చేసుకున్నందుకు అమ్మ చేతిలో రెండు పడ్డాయి.

మా పక్కింటి అక్క ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. మెదక్ వైపు నుంచి వచ్చిన క్రైస్తవుల అమ్మాయి. ఆ బ్యాంకులో మా గల్లీ నుంచి మొదట ఖాతా తెరిచింది ఆమే. ఆ రోజుల్లో కొత్తగా ఖాతా తెరవాలంటే, అప్పటికే ఖాతా ఉన్నవాళ్ళెవరో ఒకరు ఫారం మీద పరిచయ సంతకం పెట్టాలి. అక్క మా గల్లీలో పదకొండు మంది ఆడవాళ్ళకు ఆ సంతకం పెట్టింది. తమాషా ఏమిటంటే, ఆ పదకొండు మందీ దాన్ని జామీను సంతకం అనుకున్నారు. బ్యాంకుకు ఏమన్నా అయితే సంతకం పెట్టిన మనిషే పూచీ అని వాళ్ళ నమ్మకం. మా అమ్మా అందులో ఒకర్తి. ఆవిడ పదో తరగతి చదివింది, అయినా అలాగే అనుకుంది.

అందరికన్నా ఎక్కువ మండిపడింది మా ఇస్త్రీ పెద్దమ్మ. ఎండలో బండి దగ్గర నిలబడి బట్టలు రుద్దే ఆ మనిషి, చిన్న రేకుల డబ్బా కొట్టు పెట్టుకుందామని ఎనిమిది వేలు కూడబెట్టింది. ఆ డబ్బు పోతే ఇంకో నాలుగేళ్ళు ఎండలోనే. అక్క డ్యూటీ నుంచి వస్తుంటే గల్లీ మధ్యలో ఆపి, "నీ సంతకం జూసే గద పైసలేసిన! ఇప్పుడు నేనేం జెయ్యాలె?" అని అరిచింది. అక్క తల వంచుకుని, "జర ఓపిక పట్టు పెద్దమ్మా, ఆఫీసుల పొంటి తిరుగుత" అంది. మర్నాటి నుంచి పెద్దమ్మ అక్క బట్టలు ముట్టలేదు. అక్క ముడతలు పడ్డ తెల్ల యూనిఫాంతోనే దవాఖానకు వెళ్ళేది.

అక్క అన్నట్టే తిరిగింది. సెలవు రోజుల్లో బస్సెక్కి సిటీలో ఆఫీసుల మెట్లెక్కింది. లెక్కలు తేల్చడానికి సర్కారు ఒక ఆఫీసరును పెట్టిందని, చిన్న డిపాజిట్లకు బీమా ఉంటుందని, ఏడాదో ఏడాదిన్నరో పట్టినా డబ్బు వస్తుందని తెలుసుకొచ్చింది. ఎవరూ నమ్మలేదు. ఇంతలో స్కూటర్ మీద ఒక దళారి దిగాడు. పాస్‌బుక్కులు కొంటానన్నాడు. పెద్దమ్మ ఎనిమిది వేల పుస్తకానికి రెండు వేలు ఇస్తానన్నాడు. వచ్చినకాడికి దక్కుడు అని పెద్దమ్మ ఒప్పేసుకుంది. సంగతి తెలిసి అక్క దవాఖానలో జీతం మీద అడ్వాన్సు తీసుకుని పరుగున వచ్చింది. "వానికియ్యకు. అయిదొందలు ఎక్కువిస్త, నాకియ్యి" అని రెండున్నర వేలు చేతిలో పెట్టి పాస్‌బుక్కు తీసుకుపోయింది.

ఇక గల్లీ ఊరుకుంటుందా? అక్కకూ దళారికీ తేడా లేదని తేల్చేశారు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, నేనూ అదే అనుకున్నాను. అక్క దగ్గర చాక్లెట్లు తింటూనే, ఆ పాస్‌బుక్కు ఎక్కడ దాచిందా అని ఇల్లంతా కళ్ళతో వెతికేదాన్ని.

బ్యాంకువాళ్ళు ఇచ్చిన ఖాళీ ఫారాలు అక్క దగ్గర ఒక కట్ట మిగిలాయి. ఇంకెందుకు పనికొస్తాయని నాకు రఫ్ కాగితాలుగా ఇచ్చేసింది. ఒకరోజు భాగహారం చేసి చేసి విసుగొచ్చి కాగితం తిప్పి చదివాను. పరిచయం చేసేవారి సంతకం అన్నచోట పైన ఒకే వాక్యం ఉంది. ఈ దరఖాస్తుదారు నాకు ఆరు నెలలుగా తెలుసు అని. మూడుసార్లు చదివాను. అంటే అక్క బ్యాంకుతో "ఈ పెద్దమ్మ మంచిదే" అని చెప్పిందే తప్ప, పెద్దమ్మతో "ఈ బ్యాంకు మంచిదే" అని ఎక్కడా రాసివ్వలేదు!

కాగితం పట్టుకుని పరుగెత్తాను. అక్క బియ్యం ఏరుతోంది. ఇది అందరికీ చూపిస్తే నిన్నెవరూ ఏమీ అనరు కదా అని అడిగాను. అక్క కాగితం చూడనే లేదు.

"నాకెరుకే. సంతకం పెట్టేటప్పుడే చదివిన."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"వాళ్ళు కాగితం చదివి పైసలేసిన్రా? నన్ను జూసి వేసిన్రు. ఇప్పుడు కాగితం జూపెడితే ఏం బాగుంటది?" అని మళ్ళీ చేటలోకి వంగింది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో అప్పుడు తెలియలేదు. ఆ చాక్లెట్లు గుర్తొచ్చి అనుకుంటాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం, అక్క చర్చి నుంచి రాగానే నేను ఆమె అరుగు మీద చేరేదాన్ని. బీమా డబ్బు కోసం పన్నెండు దరఖాస్తులు నింపాం. అక్కది చివరిది. మరుసటి ఏడాది వానాకాలంలో ఆ పాత బ్యాంకులోనే బల్ల వేసి డబ్బు చెల్లించారు. పెద్దమ్మ వేలిముద్ర వేసి ఎనిమిది వేలు తీసుకుని, అమ్మిన పుస్తకం కదా అని మొహం ముడుచుకుని కట్టంతా అక్క చేతిలో పెట్టింది. అక్క అందులోంచి రెండున్నర వేలు లెక్కపెట్టుకుని మిగతాది పెద్దమ్మ కొంగులో వేసింది.

"ఇదేంది బిడ్డా, అమ్మిన గద?"

"నీ తానుంటే వానికి అమ్ముకుంటవని నా తాన దాచిన. గంతే."

పెద్దమ్మ అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. నేను దరఖాస్తుల ఫైలు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. మనిషి మాటకు ఎంత బరువుంటుందో ఆ రోజే మొదటిసారి చూశాను. బ్యాంకు డబ్బు ఎటు పోయిందో మాత్రం నాకు ఈ రోజుకీ పూర్తిగా అర్థం కాలేదు.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. మియాపూర్‌లో అపార్టుమెంటులో ఉంటున్నాం. ఫలానా డాక్టరు మంచివాడని ఎవరికైనా చెబితే, పది రోజులకు నేనే ఫోన్ చేసి తగ్గిందా అని అడుగుతాను. మా ఆయన నవ్వుతారు. కిందటేడు కింది అంతస్తు ఆవిడకు, వాళ్ళబ్బాయి కోసం ఒక కోచింగ్ సెంటర్ గురించి అడిగితే, బాగుంటుందండీ అని చెప్పాను. అంతే, ఒక్క మాట. ఏడాది మధ్యలో వాళ్ళు ఫీజులతో సహా బోర్డు తిప్పేశారు. ఆవిడ లిఫ్టులో కనపడితే తలుపు వైపు చూస్తూ నిలబడేది. రెండు రోజులు నాకూ అదే హాయిగా అనిపించింది. మూడో రోజు మెట్లు దిగి వెళ్ళి బెల్లు కొట్టాను. ఆవిడ తలుపు తీసింది. "నేను చెబితేనే కదండీ మీరు చేర్పించారు. ఫీజు రసీదులు తీసుకోండి, ఫిర్యాదు చెయ్యడానికి ఇద్దరం వెళ్దాం" అన్నాను.